నొక్కడం వచ్చు, వేలెత్తడం రాదు

తిరుపతి కరకంబాడి రోడ్డులో బండి స్కిడ్ అయ్యి కుడిచేయి మీద పడ్డాను. భుజానికీ మోచేతికీ మధ్య ఎముక విరిగింది. ప్లేటు వేశారు, ఎముక అతుక్కుంది. కానీ ఆ ఎముకను వెనకగా చుట్టుకుని కిందికి దిగే రేడియల్ నరం దెబ్బతింది. మణికట్టు వాడిన ఆకులా వాలిపోయింది. పెళ్లిళ్లలో ఫొటోలు తీసి బతికేవాణ్ణి నేను.

ఈ నరంతో తంటా ఏంటంటే వేళ్లు ముడుచుకుంటాయి, చాచుకోవు. నెల తర్వాత మంచం మీద కూర్చుని కెమెరా పట్టుకున్నాను. చూపుడువేలు బటన్ మీద పెట్టి సగం నొక్కితే ఫోకస్ పడింది, పూర్తిగా నొక్కితే క్లిక్ మంది. హమ్మయ్య అనుకున్నా. రెండో ఫొటోకి వేలు పైకి లేస్తే కదా! ఎడమచేత్తో దాన్ని పట్టుకుని పక్కకి తీయాల్సొచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ ఏమీ అనకుండా లోపలికెళ్లిపోయింది.

దెబ్బతిన్న నరం రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు మళ్లీ పెరుగుతుందని ఫిజియోథెరపిస్టు చెప్పారు. ఇంటికొచ్చి స్కేలు పెట్టి నేనే కొలుచుకున్నాను. నెలల లెక్క తేలింది. ముహూర్తాలు అన్నాళ్లు ఆగుతాయా?

"ఎడమచేతి వాటం కెమెరా కొనుక్కోరాదా" అని కనిపించిన ప్రతివాడూ సలహా ఇచ్చాడు. షాపుల్లో అలాంటివి దొరికితే కదా! పట్టూ బటనూ అన్నిటికీ కుడివైపే. పుట్టుకతో ఎడమచేతివాటం ఉన్నవాళ్లు దానికే అలవాటు పడిపోతారు, ఎలాగూ లెన్స్ బరువు మోసేది ఎడమచెయ్యే కాబట్టి. నాకు ఆ ఒక్క చెయ్యే బరువూ మొయ్యాలి, బటనూ నొక్కాలి.

కెమెరాను తలకిందులుగా పట్టుకుని చూశా. అప్పుడు బటన్ ఎడమవైపు కిందికి వస్తుంది, బొటనవేలితో నొక్కొచ్చు. ఫొటోలు తర్వాత తిప్పుకోవచ్చు, అది పెద్ద పని కాదు. పది నిమిషాలకే మణికట్టు లాగేసింది. ట్రైపాడ్ మీద పెట్టి ఫోన్‌తో క్లిక్ చేద్దామని ఒక పెళ్లికి వెళ్తే, వైఫై కలిసేలోపు తాళి కట్టేశారు. మేళగాళ్లు గట్టిమేళం వాయిస్తుంటే నేను ఫోన్ స్క్రీన్ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు అన్నం సయించలేదు.

దారి చూపించింది నాకు పని నేర్పిన పెద్దాయన. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒకప్పుడు స్టూడియో ఉండేది ఆయనకు. నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "బటన్ కుడిపక్కనే ఉండాలని రూలేముంది నాయనా? 1936లోనే జర్మనీవాళ్లు ఎగ్జాక్టా కెమెరాకి ఎడమపక్క పెట్టారు" అన్నాడు. అని, అటకెక్కి ఒక దుమ్ము సంచీ దించాడు. రీలు కెమెరాల కాలంలో పెళ్లిళ్లకు వాడిన పెద్ద హ్యాండిల్ ఫ్లాష్ అది. ఫ్లాష్ ఎప్పుడో చచ్చిపోయింది. మాకు కావలసింది దాని బ్రాకెట్: కెమెరా అడుగున బిగించే ఇనప పట్టీ, ఎడమపక్క నిలువుగా లావుపాటి పిడి. ఆ పావు అంగుళం స్క్రూ నా డిజిటల్ కెమెరాకి ఒక్క తిప్పులో పట్టేసింది.

ఇక వైరు రిమోట్, అంటే కెమెరాకి వైరుతో తగిలించే విడి క్లిక్ బటన్. కెమెరా ఎడమపక్క రబ్బరు మూత కింద దాని రంధ్రం ఉంటుంది. సైకిల్ ట్యూబు ముక్కలు కోసి రిమోట్‌ను పిడికి చుట్టాను, బటన్ సరిగ్గా బొటనవేలి కిందికి వచ్చేలా. అసలు బటన్‌లాగే దీనికీ సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే క్లిక్. జూమ్ తిప్పడానికి చెయ్యి లేదు కాబట్టి 24 ఎంఎం చిన్న లెన్స్ వేసుకున్నా, 125 గ్రాములే. దగ్గరికి కావాలంటే నడవడమే. ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురు పట్టే శక్తి, ఆటోలో పెట్టి పైహద్దు 3200 చేశాను, మధ్యలో డయల్ వెతుక్కునే పని లేకుండా. మణికట్టు వాలకుండా పట్టీ కట్టిన కుడిచెయ్యి కెమెరా అడుగున దిమ్మెలా ఆనిస్తే చాలు.

పెళ్లి ఒప్పుకునే ధైర్యం అప్పుడే రాలేదు. ముందు గంగమ్మ జాతరకి వెళ్లాను, భక్తులు తోటి వేషం కట్టే రోజు. ఒళ్లంతా బొగ్గు పూసుకున్న మనుషులు. అంత నలుపు చూస్తే కెమెరా దాన్ని బూడిదరంగు చేసేస్తుంది, అందుకని ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, ముందే తగ్గించి పెట్టుకున్నా. అంతా బాగానే ఉందనుకుంటుండగా తోపులాటలో బొటనవేలు జారి రిమోట్ బటన్ ముందుకి జరిగి, నొక్కింది నొక్కినట్టే లాక్ అయిపోయింది. టకటకటక మని ఆగదే! ఎదురుగా వేషం వేసిన కుర్రోడు "ఏం సామీ, నా ఒక్కడికే రీలంతా అయిపోజేస్తావా" అని, ఇక్కడ రాయలేని ఇంకో మాట కూడా అన్నాడు. జాతరలో వేషగాళ్ల తిట్లు ఎవరూ పట్టించుకోరు లెండి. ఇంటికొచ్చి చూసుకుంటే అతని మొహమే డెబ్బై పైచిలుకు ఫొటోలు. అగ్గిపుల్ల ముక్క విరిచి ఆ లాక్ గాడిలో ఇరికించాను. మళ్లీ జారలేదు.

తర్వాత మూడు పెళ్లిళ్లు చేశాను. గ్రూప్ ఫొటోలు, తలంబ్రాలు ఇబ్బంది లేదు. నిలువు ఫొటోలకి మాత్రం మోచెయ్యి పైకి లేపాలి, అది ఇప్పటికీ నొప్పే.

ఈమధ్య మణికట్టు కొంచెం లేస్తోంది. చూపుడువేలు కూడా బియ్యపుగింజ ఎత్తు లేస్తుంది. మొన్న పెద్దాయన "నా హ్యాండిల్ ఎప్పుడిస్తావురా" అని అడిగాడు. శ్రావణమాసం ముహూర్తాలు అయ్యాక చూద్దాం అన్నాను.