మధ్య మొగ్గ కోసేయాలి

డిసెంబర్ 12 పొద్దున మేడెక్కి చూస్తే, నాలుగో గ్రో బ్యాగులో మొక్క నడిమధ్యన ఐదు రూపాయల బిళ్ళంత మొగ్గ కనిపించింది. పోయినేడు ఇలాంటి మొగ్గను చూసి వారం రోజులు మురిసిపోయాను. ఈసారి వెంటనే కిందికి దిగి, కత్తెర తెచ్చి కోసేశాను. చేయి కొంచెం వణికింది. డెబ్బై ఐదు రోజులు పెంచిన మొక్క తల కోయడం అంత తేలిక కాదు. కానీ కాడల కోసం పెంచే బ్రోకలినీకి ఈ కోతే ప్రాణం.

మేముండేది హైదరాబాద్ నాగోలులో. మేడ మీద ఎనిమిదేళ్ళుగా వంకాయ, టమాట, గోంగూర, పాలకూర పండిస్తున్నాను. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఒకరోజు సూపర్‌మార్కెట్ నుంచి బ్రోకలినీ కట్ట తెచ్చింది. పిడికెడు కాడలు. ఆ డబ్బుతో రైతు బజారులో మాకు వారం కూరగాయలు వస్తాయి. వేయించి తిన్నాక మాత్రం, దీన్ని ఎలాగైనా మన మేడ మీదే పండించాలని పట్టుబట్టాను.

చాలామంది దీన్ని లేత బ్రోకలీ అనుకుంటారు. కాదు. బ్రోకలీకీ, చైనావాళ్ళు కాడలతో సహా వండుకునే కైలాన్ అనే ఆకుకూరకూ సంకరం చేసి పుట్టించిన పంట ఇది. జపాన్‌లోని యోకొహామాకు చెందిన సకాటా విత్తన కంపెనీ 1993లో తయారుచేసింది. బ్రోకలినీ అనేది వ్యాపారానికి పెట్టిన పేరు. విత్తనాల ప్యాకెట్ల మీద బేబీ బ్రోకలీ, స్టెమ్ బ్రోకలీ అని కూడా ఉంటుంది. బ్రోకలీలో పువ్వు ముఖ్యం, ఇందులో కాడ ముఖ్యం. ఆ తేడా నాకు మొదటి ఏడు అర్థం కాలేదు.

పోయినేడు దీపావళి వెళ్ళాక విత్తనం వేశాను. అదే మొదటి పొరపాటు. నారు తీసి నాటేసరికి డిసెంబర్ వచ్చేసింది. ఆరు మొక్కలూ బాగానే ఎదిగాయి. సంక్రాంతి నాటికి మధ్యలో మొగ్గలు వచ్చాయి. కాలీఫ్లవర్ లాగా పెద్దదవుతుందని కోయకుండా ఎదురుచూశాను. పండగ రోజు పక్కింటి పిల్లవాడు తెగిన పతంగి కోసం మా మేడ మీదికి పరిగెత్తుకొచ్చాడు. మాంజా కాలికి చుట్టుకుని చివరి మొక్క మీద పడ్డాడు. మొగ్గ ఉన్న తల పుటుక్కున విరిగిపోయింది. వాడికి దెబ్బ తగల్లేదు, అదే చాలనుకున్నాం. పీకేయడానికి మనసొప్పక ఆ మొండి మొక్కను అలాగే వదిలేశాను.

ఫిబ్రవరి రెండో వారానికి ఎండ ముదిరింది. నేను ఎదురుచూసిన ఐదు మొక్కల మొగ్గలూ కోడిగుడ్డంత కూడా కాకుండానే విడిపోయి పసుపుపచ్చగా పూసేశాయి. తల విరిగిన మొక్కకు మాత్రం ప్రతి ఆకు మొదట్లోంచీ ఒక పిలక లేచింది. లెక్కపెడితే ఏడు. ఒక్కోటి జానెడు కాడ, కొసన చిన్న మొగ్గల గుత్తి. అమ్మాయి తెచ్చిన కట్టలో ఉన్నవి అవే! ఆ రోజు ఆ మొక్క పక్కన చాలాసేపు కూర్చున్నాను. కొస మొగ్గ ఉన్నంతకాలం పక్క పిలకలను ఎదగనివ్వదు, అది తెగితే బలమంతా పిలకలకు మళ్ళుతుంది. తులసికీ, బంతికీ కొసలు తుంచే నాకు ఇక్కడ మాత్రం తట్టలేదు.

ఈ ఏడు లెక్క మార్చాను. బతుకమ్మ రోజుల్లో ప్రోట్రేలో, అంటే నారు పెంచే చిన్న గుంతల ట్రేలో విత్తనం, దీపావళి దాటగానే నాటు. మన హైదరాబాద్ చలి చిన్నది. డిసెంబర్, జనవరి నెలల్లో రాత్రిళ్ళు పదిహేను డిగ్రీలకు అటూ ఇటూ ఉండే ఆ కొద్ది వారాల్లోనే పిలకలు రావాలి. నాటిన యాభై, అరవై రోజులకు కోత మొదలవుతుంది కాబట్టి వెనక్కి లెక్కేసుకుంటే విత్తనానికి సెప్టెంబర్ చివరే సరైన సమయం. అప్పుడింకా వానలుంటాయి, నారుకుళ్ళు వస్తుందేమోనని టెన్షన్ పడ్డాను. ట్రేను మెట్ల గది చూరు కింద పెట్టి, పైమట్టి ఆరాకే నీళ్ళు చిలకరించాను. ఎర్రమట్టి, వర్మీకంపోస్టు సమపాళ్ళు, అందులో సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), బ్యాగుకు గుప్పెడు వేపపిండి. పన్నెండు అంగుళాల బ్యాగుకు ఒక్కటే మొక్క.

నారు నాటిన రోజు మా అత్తమ్మ ఒక ఆకు తుంచి, నలిపి వాసన చూసింది. "ఇది ఆవాల చెట్టు లెక్కనే ఉన్నది బిడ్డా, పురుగు ఇడవదు" అంది. అత్తమ్మది కరీంనగర్ దగ్గర పల్లె, వ్యవసాయం చేసిన చెయ్యి. నిజమే, ఇది ఆవాల కుటుంబమే. నవంబర్ మూడో వారంలో ఆకుల మీద చిన్న చిన్న అద్దాలు కనిపించాయి. కింద పచ్చదనమంతా గీకి తినేసి, పైన పలచటి పొర మాత్రం మిగిల్చింది పురుగు. ఆకు తిప్పి చూస్తే బియ్యపు గింజంత ఆకుపచ్చ పురుగు. వేలు తగలగానే వెనక్కి మెలికలు తిరిగి, సన్నటి దారం పట్టుకుని కిందికి జారిపోయింది. క్యాబేజీ రైతులను ఏడిపించే డైమండ్‌బ్యాక్ పురుగు అదే.

వేపనూనె లీటరు నీళ్ళకు ఐదు మిల్లీలీటర్లు కలిపి కొట్టాను. ఒక్క బొట్టు నిలవలేదు. ఈ ఆకు మీద బూడిద రంగు మైనపు పూత ఉంటుంది, తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది. అత్తమ్మే నాలుగు కుంకుడుకాయలు నానేసి రసం పిండి ఇచ్చింది. అది కలిపాక మందు ఆకంతా పరుచుకుంది. వారానికోసారి, ఎండ తగ్గాక, ఆకు అడుగున తడిసేలా కొట్టాను. చుట్టూ పాత డబ్బాల్లో ఆవాలు కూడా చల్లాం. ఈ పురుగే పెరిగి రెక్కల పురుగవుతుంది, దానికి ఆవాలంటే మరీ ఇష్టం, గుడ్లు ఎక్కువగా అక్కడే పెడుతుంది. పురుగు పట్టిన ఆవాల మొక్కలను పీకి సబ్బు నీళ్ళలో ముంచేస్తే సరి.

మధ్య మొగ్గ కోసేటప్పుడు కత్తెర ఏటవాలుగా పెట్టాలి. అడ్డంగా కోస్తే కాడ మీద నీళ్ళు నిలిచి కుళ్ళుతుంది. కోశాక గుప్పెడు వర్మీకంపోస్టు వేసి తడిపాను. పది రోజులకు పిలకలు కనిపించాయి. మొగ్గలు బిగువుగా ఉండగానే కోయాలి, ఒక్క పువ్వు విచ్చినా ఆలస్యమైనట్టే. కాడ మొదట్లో రెండు ఆకులు వదిలితే అక్కడినుంచి మళ్ళీ చిగురిస్తుంది. మొన్న ఆదివారం ఐదు మొక్కల నుంచి ముప్పై రెండు కాడలు వచ్చాయి. తొక్క తీయక్కర్లేదు. నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి వేగాక కాడలు వేసి, మూత పెట్టకుండా నాలుగు నిమిషాలు పెద్ద మంట మీద తిప్పి, దించే ముందు నువ్వుల పొడి చల్లాను. ముదురు ఆకులు పప్పులో వేశాం.

అత్తమ్మకు ఒకటే కొరత. ఒక మొక్కను పూతకు వదిలి విత్తనం కట్టుకుందామంది. ఇది సంకరం, దాని విత్తనం వేస్తే ఇదే మొక్క రాదని చెప్పాను. "ఇత్తనం దాసుకోరాని పంటనా?" అని చాలాసేపు మాట్లాడలేదు. ఆ బాధ నాకూ ఉంది. ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. అయినా ఆవిడ కోసం ఒక మొక్కను పూతకు వదిలాను, తేనెటీగలు వస్తున్నాయి.

వచ్చే వారం సంక్రాంతి. బ్యాగులన్నీ నీళ్ళ ట్యాంకు వెనక్కి జరిపాం. నిన్న పక్కింటి పిల్లవాడు పతంగి దారం చరఖా పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి, "ఆంటీ, పైకి రావొచ్చా?" అని అడిగాడు. వాళ్ళమ్మకు ఇమ్మని పన్నెండు కాడల కట్ట వాడి చేతిలో పెట్టి, పైకి రమ్మన్నాను.