అరగంట లెక్క

పోయిన శుక్రవారం కువైట్ సిటీలో ఆరాధన అయ్యాక బస్సు కోసం ఎండలో నిలబడి ఉంటే, మా గ్యాంగులో షట్టరింగ్ పని, అంటే స్లాబుకి పలకలు బిగించే పని చేసే ఆర్మూరు అన్న పక్కకొచ్చి ఒక మాటన్నాడు. ఆయన విశ్వాసి కాదు. సెలవు రోజు రూంలో ఒక్కడూ ఉండలేక మాతో వచ్చి వెనక కుర్చీలో కూర్చుంటాడు, చర్చిలో పెట్టే అన్నం కూడా ఆయనకి ఇష్టం.

"తమ్మీ, దేవునికి పదో వంతు ఫిల్సుతోని సహా లెక్కవెట్టి ఇస్తనని చెప్పినవ్ గదా. మా అరగంట లెక్క ఎట్ల తప్పుతది?"

అంతే. బస్సొచ్చింది, ఎక్కి కిటికీ పక్కన కళ్ళు మూసుకున్నాడు. రెండేళ్ళుగా నన్ను ఫోర్‌మన్ సాబ్ అనే పిలుస్తాడాయన. తమ్మీ అనడం అదే మొదలు.

ఆ రోజు ఆరాధనలో దేవుడు నాకు చేసిన మేలు గురించి నేను సాక్ష్యం చెప్పాను లెండి. తొమ్మిదేళ్ళు హెల్పర్‌గా ఇసుక మోసిన నన్ను దేవుడు 14 మంది మీద పెట్టాడని, జీతం 220 దినార్లు (దినారుకి వెయ్యి ఫిల్సులు) పడగానే 22 దినార్లు తీసి పక్కన పెడతానని, పొద్దున్నే ప్రార్థన చేయకుండా పని మొదలుపెట్టనని. బైబిల్లోని నెహెమ్యాని కూడా వదల్లేదు. ఆయన 52 రోజుల్లో యెరూషలేము గోడ కట్టించాడు, మా స్లాబు కూడా అనుకున్న తేదీ కంటే ముందే అయింది అని నేనంటే హల్లెలూయలు గట్టిగానే పడ్డాయి.

అరగంట సంగతేంటంటే, జూన్ నుంచి ఆగస్టు ఆఖరు దాకా ఇక్కడ పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదు. అందుకని మేం తెల్లవారుజామున 5కి మొదలుపెట్టి 11కి దిగిపోయి, మళ్ళీ 4కి ఎక్కుతాం. 6 దాటితే ఓవర్‌టైమ్. పలకలు సర్ది సామాన్లు కడిగేసరికి 7 అవుతుంది, టైమ్ షీటులో మాత్రం 6:30 అని రాస్తాను. కడుక్కోవడం పని కిందకి రాదని ఇంజనీరు మాట. ఆయన నమాజూ మానడు, మా గంటలు కోయడమూ మానడు అని రూంలో మేం నవ్వుకునేవాళ్ళం. ఆ కోసే పెన్ను నా చేతిలోదేనని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

నా జేబులోకి ఒక్క ఫిల్సు కూడా రాలేదు, ఇది మాత్రం నిజం. ఉన్నది ఉన్నట్టు రాస్తే పైన ఎలాగూ కొట్టేస్తారు, నేను తిట్లు తినడం తప్ప వాళ్ళకొచ్చేదేమీ లేదు అని ఆ రాత్రి మంచం మీద పడుకుని నాకు నేనే చెప్పుకున్నాను. నిద్ర రాక ఫోన్లో లెక్క వేశాను. మా గ్యాంగులో ఒక్కొక్కరి 90 దినార్ల జీతాన్ని 26 రోజులకి, రోజుకి 8 గంటలకి పంచి, ఓవర్‌టైమ్ కింద పావు వంతు కలిపితే అరగంటకి సుమారు 270 ఫిల్సులు. నెలకి 20 రోజులే వేసుకున్నా మనిషికి 5 దినార్ల 400 ఫిల్సులు. 14 మందివీ కలిపితే 75 దాటింది. నా దశమ భాగం 22.

లేచి నెహెమ్యా 5వ అధ్యాయం తీశాను. 52 రోజుల మాట చెప్పే తొందరలో మేమంతా దాటేసి వెళ్ళే అధ్యాయం అది. అధికారిగా ఉన్న 12 ఏళ్ళూ తనకి రావలసిన భోజనపు సొమ్ము ఆయన ముట్టుకోలేదు, దేవుడి భయంతోనే అని చెప్పుకుంటాడు. ముందున్న అధికారులు జనం దగ్గర 40 తులాల వెండి పిండుకున్నారట, వాళ్ళ పనివాళ్ళు కూడా జనం మీద పెత్తనం చేశారట. ఆ పనివాళ్ళ దగ్గర ఆగిపోయాను. మనం నెహెమ్యాలం కాదు కదా, ఫోర్‌మన్లం.

మా నాన్న రాజోలు దగ్గర తాపీ మేస్త్రి. ప్రసంగం మొదలైతే చాప మీదే కునికేవాడు, ఎవరూ ఆయన్ని సంఘ పెద్దని చేయలేదు. సాయంత్రం కూలి చేతిలో పెట్టకుండా మాత్రం ఇంటికొచ్చేవాడు కాదు. పెట్టలేని రోజు ఆ కూలీ ఇంటి ముందు నుంచి రావడానికి మొహం చెల్లక కాలవ గట్టు చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఊళ్ళో అలా ఉంటుంది, మొహాలు చూసుకోవాలి. ఇక్కడ జీతం బ్యాంకులో పడుతుంది, ఎవడి అరగంట ఎక్కడ పోయిందో ఎవడూ అడగడు. మా మేస్త్రీలంతా దేవతలని కాదు, అక్కడా కోసేవాళ్ళున్నారు, కానీ ఈ దేశానికి వచ్చాక నేను చుట్టూ తిరిగి వెళ్ళిన రోజు ఒక్కటీ లేదు.

శనివారం 7 అని రాశాను. ఇంజనీరు ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. ఆదివారం మళ్ళీ రాశాను, మళ్ళీ కొట్టేసి, హెల్పర్లకేం కరువు లేదని నవ్వుతూనే అన్నాడు. పాత నెలల మాట ఇంకా నాలోనే ఉంది. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు, నేను ఒక్క వంతుకే వెనకాడుతున్నాను. ఇంటికి పంపే డబ్బు తగ్గితే ఎందుకని అడుగుతుంది మా ఆవిడ, ఏం చెప్పాలో తెలియదు.

ఆ ఎర్ర గీతలు ఆర్మూరు అన్న చూశాడు. ఏమీ అనలేదు. నిన్న మళ్ళీ ఫోర్‌మన్ సాబ్ అనే పిలిచాడు.