గ్రావెల్ క్వారీలో వాననీరు

విశాఖ చుట్టుపక్కల గ్రావెల్ క్వారీలకి అసలు పరీక్ష అక్టోబరు, నవంబరు తుపాన్లప్పుడే. ఒక హెక్టారు తవ్విన నేల మీద 100 మి.మీ. వాన పడితే 1,000 ఘనపు మీటర్ల నీళ్లు. అందులో 60 శాతం పారినా 600. ఈ లెక్క వేయకుండా జేసీబీతో ఏదో గొయ్యి తీయించి దాన్నే సెట్లింగ్ పాండ్ (బురద నీటిని నిలిపి మట్టిని అడుక్కి దించే గుంట) అనేస్తుంటారు.

ముందు కొండ మీది నీటిని క్వారీలోకి రానివ్వకూడదు. పైఅంచున గార్లండ్ డ్రెయిన్ (క్వారీని దండలా చుట్టే కాలువ) తవ్వి ఆ తేట నీటిని పక్కనుంచి గెడ్డలోకి (వాగులోకి) మళ్లించాలి. తేట నీరూ బురద నీరూ కలిశాయంటే పాండ్ ఎంత పెద్దదైనా చాలదు.

డ్రెయిన్ వాలు 5 శాతం ఉంటే 60 సెం.మీ. ఎత్తు రాతి చెక్‌డ్యాములు 12 మీటర్లకొకటి కట్టాలి. కింది కట్ట తల, పై కట్ట అడుగు ఒకే మట్టంలో ఉంటాయి. కట్ట మధ్యలో 15 సెం.మీ. పల్లం వదలండి. వదలకపోతే నీళ్లు రెండు పక్కలా గట్టు కోసుకుని పోతాయి, కట్ట మాత్రం ఫొటోకి పనికొచ్చేలా నిలబడే ఉంటుంది!

పాండ్ పొడవు వెడల్పుకి కనీసం రెండు మూడు రెట్లుండాలి, నీళ్లు వచ్చే దారీ పోయే దారీ చెరో చివర. మూడో వంతు పూడగానే ఒండ్రు తీయించాలి. ఇసుక త్వరగానే దిగుతుంది. ఎర్రమట్టిలోని బంక రోజుల తరబడి తేలుతూనే ఉంటుంది. దానికి పటిక వాడొచ్చు, కానీ ముందు బకెట్లలో కలిపి చూసి మోతాదు తేల్చుకున్నాకే.

ఓవర్‌బర్డెన్ (గ్రావెల్ కోసం పైనుంచి తీసేసిన మట్టి) గుట్టలు గెడ్డ గట్టున పోయొద్దు. తవ్వకం ముగిసిన బెంచీల (మెట్లలా కోసిన అంచుల) మీద వట్టివేరు జులైలోనే నాటితే తుపాన్ల వేళకి వేళ్లు మట్టిని పట్టుకుంటాయి.