గడ్డి వేశాడు

పొద్దున్నే ఫోన్ చూడగానే చెకింగ్ చేసే ఆవిడ మెసేజ్, "ఈ లైన్ ఏంటండీ?" అని, కింద ఒక స్క్రీన్‌షాట్. నిన్న రాత్రి నేను పంపిన సబ్‌టైటిల్సే. బ్రిటిష్ క్రైమ్ సిరీస్, ఒక దొంగ తన పార్ట్‌నర్ కాలర్ పట్టుకుని కళ్ళెర్రజేసి అరుస్తున్నాడు, కింద నా తెలుగు: "నువ్వు నా మీద గడ్డి వేశావు!"

వాడన్నది "యూ గ్రాస్డ్ మీ అప్". రాత్రి ఒంటిగంటకి రెప్పలు వాలిపోతూ రాసిన లైన్ అది, పైగా గ్రాస్ అంటే గడ్డి అని ఒకటో క్లాసులో వచ్చిన జ్ఞానం, దాన్ని ఎవడు అనుమానిస్తాడు?

బ్రిటన్‌లో గ్రాస్ అంటే పోలీసులకి సమాచారం చేరవేసేవాడట. కాపర్ అంటే పోలీసు కదా, దానికి ప్రాస కుదురుతుందని గ్రాస్‌హాపర్ అన్నారని, అది తరిగి గ్రాస్ అయిందని ఎక్కువమంది చెప్పే మాట. అంటే మిడత పోయి గడ్డి మిగిలింది. 1980ల మొదట్లో ఉత్తర ఐర్లండ్‌లో ఒక్కడి సాక్ష్యం మీద గుంపులు గుంపులుగా జనాన్ని కోర్టుకెక్కించారు, ఆ ఒక్కడిని సూపర్‌గ్రాస్ అనేవాళ్ళు. తర్వాత అప్పీల్‌లో ఆ శిక్షలు చాలావరకు కొట్టేశారు కూడా. ఇదంతా చదువుతూ కూర్చుంటే పదకొండైంది, కరెక్షన్ మాత్రం అలాగే ఉంది.

అసలు తెలుగులో రాసుకుంటే ఇంకో గొడవ, టెన్నిస్ ఆడే గ్రాస్ కోర్టులో గ్రాసూ, గ్రాస్ శాలరీలో గ్రాసూ మనకి ఒకటే. నా శాలరీ విషయంలో అది గడ్డి అనుకున్నా పెద్ద తేడా రాదు లెండి.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే "అన్నం తింటున్నావా గడ్డి తింటున్నావా" గుర్తొచ్చి నవ్వొచ్చింది. వరి కూడా గడ్డే కదా! గోధుమ, జొన్న, మొక్కజొన్న, చెరకు, ఆఖరికి అంత పొడుగు వెదురు, అన్నీ పోయేసీ అనే గడ్డి కుటుంబమే, దగ్గర దగ్గర 12,000 రకాలు. కాబట్టి ఆ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పాలంటే రెండూ అని చెప్పాలి. అయినా మనవాళ్ళకి గడ్డి మీద ఇంత చులకన ఎందుకో, చీవాట్లు పెడితే గడ్డి పెట్టడం, డబ్బు కోసం దిగజారితే గడ్డి తినడం, లెక్క చెయ్యకపోతే తృణీకరించడం, ఆ తృణం కూడా గడ్డిపోచే.

సాయంత్రం బుర్ర వేడెక్కి అలా నడుద్దామని బయటికి వెళ్ళా. నాపరాళ్ళ సందులో ఒక గడ్డిపరక నిటారుగా నిలబడి ఉంది, పీకుదామని వేళ్ళ మధ్య పట్టి లాగితే సర్రున జారి చూపుడువేలు కోసుకుపోయింది. సన్నటి గీత, కాసేపటికి దాని మీద ఎర్రటి చుక్క. పరక అంచున కంటికి కనపడని పళ్ళుంటాయి, వాటిలో సిలికా ఉంటుంది, ఇసుకలో ఉండేదే. కొస విరిచినా దానికేం కాదు, పెరిగే చోటు అడుగునే ఉంటుంది, అందుకే ఎన్నిసార్లు కోసినా ఎంత మేసినా మళ్ళీ లేస్తుంది. నేను విరిచింది కొసే, వేలు తెగడం దండగ.

ఆ వేలు చప్పరిస్తూ వస్తుంటే దారిలో తట్టింది, ఉప్పందించడం! ఎంత చక్కటి మాట, పొద్దుట్నుంచీ నోట్లోనే పెట్టుకుని వెతుకుతున్నా. ఇంటికి రాగానే "నా గురించి పోలీసులకి ఉప్పందించింది నువ్వే!" అని మార్చేశా. పెదాల కదలికకి కొంచెం పొడుగే, పర్లేదు, సబ్‌టైటిలే కదా. ఆ ఊపులో మిగతా ఎపిసోడ్లలో గ్రాస్ ఎక్కడుందో కూడా వెతికా, నాలుగో దాంట్లో కుర్రాళ్ళు దాచుకునే గ్రాస్ గంజాయి అని ఈసారి ఠక్కున పట్టేశా, దాన్నీ మార్చి పంపించి ఇవాళ్టికి గండం గడిచిందనుకున్నా.

ఇప్పుడు తొమ్మిదిన్నరకి మళ్ళీ ఆవిడే. ఇంకో స్క్రీన్‌షాట్. ఐదో ఎపిసోడ్‌లో డెబ్భై ఏళ్ళ పెద్దాయన, మిషన్ తోసుకుంటూ పెళ్ళాంతో అంటున్నాడు, "వర్షం వచ్చేలోపు గంజాయి కోసేస్తా."