బిర్యానీకి తెచ్చిన కట్టలో మిగిలిన పుదీనా

ఆదివారం బిర్యానీకని పుదీనా కట్ట తెస్తాం, గుప్పెడు వాడతాం, మిగతాది ఫ్రిజ్‌లో నల్లబడిపోయి బుధవారానికి చెత్తబుట్టలో పడుతుంది. పెళ్లయి రావులపాలెం వచ్చిన కొత్తలో నేనూ అదే చేసేదాన్ని. మా అత్తయ్యగారు చూసి చూసి ఓ రోజు, "కరివేపాకు రోజూ వేస్తావు కదమ్మా, దీన్ని మటుకు పండగ ఆకు చేశావేంటి?" అన్నారు. అప్పట్నుంచి మా ఇంట్లో పుదీనా లేని వారం లేదు.

ముందు పచ్చడి సంగతి. రెండు కట్టల ఆకు మూకుట్లో వేస్తే గుప్పెడవుతుంది, అది చూసి కంగారు పడక్కర్లేదు. మినపప్పు, కాసిని ధనియాలు, ఎండుమిరపకాయలు నూనెలో వేయించి తీసేసి, అదే మూకుట్లో తడి లేకుండా ఆరబెట్టిన ఆకు వేసి, పసరు వాసన పోగానే దించెయ్యాలి. అంతకంటే వేయిస్తే పుదీనా వాసనంతా ఇంట్లోకి పోతుంది తప్ప పచ్చడిలో మిగలదు, ఎందుకంటే ఆ సువాసన ఉండేది ఆకు మీది సన్నటి తిత్తుల్లోని నూనెలో, అది వేడికి ఆవిరైపోతుంది. పప్పూ మిరపకాయలూ చింతపండూ ఉప్పూ ముందు నూరి, ఆకు చివర్లో వేసి కచ్చాపచ్చాగా తిప్పండి. కొబ్బరికి కరువు లేని ఊళ్ళు కాబట్టి నేను నాలుగు పచ్చికొబ్బరి ముక్కలు కూడా వేస్తాను. పెసరట్టులోకి అల్లం పచ్చడి కంటే నాకు ఇదే ఇష్టం.

రొయ్యల ఇగురులోనూ అంతే, పొయ్యి కట్టేశాక తరిగిన ఆకు చల్లి మూత పెట్టేస్తే చాలు. కొత్తిమీర కంటే బాగా నీచు వాసన లాగేస్తుంది.

ఎండాకాలం కాలువలు కట్టేసి ఊరంతా ఉడికిపోతున్నప్పుడు మజ్జిగలోకి తప్పనిసరి. మిక్సీలో మెత్తగా తిప్పితే చేదొస్తుంది, అందుకే ఉప్పూ జీలకర్రతో కలిపి అరచేతిలో నలిపి వేస్తాను. చల్లగా అనిపించే మెంథాల్ పెప్పర్‌మింట్ అనే వేరే రకం పుదీనాలో ఎక్కువ, మనం కూరల్లో వాడే పుదీనాకి ఆ వాసన ప్రధానంగా కార్వోన్ అనే దానివల్ల వస్తుంది, కాబట్టి ఒంటికి చలవ చేసేది నిజానికి మజ్జిగే. అయినా పుదీనా పడితే రెండు గ్లాసులు ఎక్కువ తాగుతారు, అది నాకు ముఖ్యం. కొబ్బరినీళ్ళలో నిమ్మరసం పిండి నాలుగు ఆకులు నలిపి వేసి చూడండి, ఇంటికొచ్చిన వాళ్ళకి కూల్‌డ్రింకు పొయ్యబుద్ధి కాదు.

కొనడం కూడా ఎందుకు? ఆకు కోసేసిన కాడల్లో ముదురువి నాలుగు గ్లాసు నీళ్ళలో పెడితే వారం పది రోజుల్లో వేళ్ళొస్తాయి. నేల మీద నాటితే పక్కకి పాకి అన్ని మొక్కల్నీ కమ్మేస్తుంది, కుండీయే మేలు. అడుగున చిల్లు మాత్రం ఉండాలి, వానాకాలం నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోతుంది. మధ్యాహ్నం ఎండ తగలకుండా కొబ్బరిచెట్టు నీడన పెట్టండి. కోసేటప్పుడు ఆకులు దూసెయ్యొద్దు, కొసలు తుంచండి, తుంచిన చోట రెండు పక్కల నుంచీ చిగుళ్ళొస్తాయి.