58 కేజీలకి సరిపడా రెక్క

మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు పోయిన ఆదివారం వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. "అక్కా, ఇవి కొనేస్తున్నా. ఒకసారి చూసి ఓకే చెప్పు" అని. వింగ్ ఫాయిలింగ్ అనే నీళ్ల మీది ఆటకి సామాను: 75 లీటర్ల బోర్డు, 900 చదరపు సెంటీమీటర్ల ఫాయిల్, 5 చదరపు మీటర్ల వింగ్. అన్నీ కొత్తవి, అన్నీ తళతళలాడుతున్నాయి. బిల్లు చూసి నాకే కళ్లు తిరిగాయి.

"నీ బరువెంతరా?" అని అడిగాను.

"84. ఇందులో బరువుతో పనేంటి?" అన్నాడు.

దానికి జవాబు ఫోన్లో టైప్ చేయడం మొదలుపెట్టాను. పది నిమిషాలకి బొటనవేలు నొప్పి పుట్టింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. వింగ్ ఫాయిలింగ్‌లో గాలి కొట్టి ఉబ్బించిన రెక్కని చేతుల్తో పట్టుకుంటాం. తెరచాపలా అది బోర్డుకి కట్టి ఉండదు. కాళ్ల కింద బోర్డు, దాని అడుగున ముప్పావు మీటరు పొడవున్న మాస్ట్, మాస్ట్ చివర చిన్న విమానం బొమ్మలాంటి ఫాయిల్ ఉంటాయి. వేగం అందగానే ఆ ఫాయిల్ నీళ్లలో విమానం రెక్కలా పనిచేసి బోర్డుని, మనల్ని పైకి లేపుతుంది. అంతవరకూ అడుగున తపతపా కొట్టుకున్న అలల చప్పుడు టక్కున ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం కోసమే ఈ తిప్పలన్నీ. 2018-19 ప్రాంతంలో హవాయిలోని మావీ దీవి నుంచి ప్రపంచం మీద పడ్డ ఆట ఇది. వయసులో మా అమ్మాయి కంటే చిన్నది.

ఒక చిక్కుంది. చేతిలో పట్టుకునేదాన్నీ వింగ్ అంటారు, నీళ్లలో ఫాయిల్‌కి ముందుండే పెద్ద రెక్కనీ ఫ్రంట్ వింగ్ అంటారు. కొత్తలో నాకు సగం మాటలు అర్థమయ్యేవి కావు. అందుకని ఇక్కడ చేతిలోదాన్ని రెక్క అని, నీళ్లలోదాన్ని ఫాయిల్ అని రాస్తాను.

నేనుండేది కాలిఫోర్నియాలోని అలమీడాలో. శాన్ ఫ్రాన్సిస్కో బేకి తూర్పువైపున్న దీవి ఊరు. ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే క్రౌన్ బీచ్. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా దాదాపు రోజూ మధ్యాహ్నం గాలి లేస్తుంది. లోపలెక్కడో సెంట్రల్ వ్యాలీ ఎండకి కాలిపోతుంటే అక్కడి గాలి పైకి పోతుంది, ఆ ఖాళీని నింపడానికి పసిఫిక్ మీది చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి దూరి వస్తుంది. మా ఒడ్డుకి చేరేసరికి 12 నుంచి 18 నాట్లు. కొన్ని రోజులు 20 దాటుతుంది. నాట్లు అనగానే వరంగల్ స్నేహితురాలు "వరినాట్లా?" అని నవ్వింది. మా భీమవరం వైపు ఊడ్పులంటాం కాబట్టి నాకా అనుమానం రాలేదు. ఈ నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు.

మా ఊళ్లో అటు కాలవ, ఇటు రొయ్యల చెరువు, కాస్త దూరం పోతే సముద్రం. అయినా ఆడపిల్లకి ఈత ఎవరు నేర్పారు? 34 ఏళ్లకి ఇక్కడి మునిసిపల్ పూల్‌లో, ఆరేళ్ల పిల్లల పక్కన నిలబడి నేర్చుకున్నాను. 39కి ఈ ఆట మొదలుపెట్టాను. బరువు 58 కేజీలు, ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. ఈ రెండు అంకెలూ ముందే చెప్తున్నానంటే కారణముంది. నేను చూసిన సలహాలన్నీ 80 కేజీల మగవాడి కోసం రాసినవే. ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదు, అంతే.

మొదటి సెట్టు పాతది కొన్నాను. ఊరు వదిలి వెళ్తున్న ఒకాయన అమ్ముతున్నాడు. ఆరడుగుల పైన మనిషి, 95 కేజీలుంటాడు. "బిగినర్ సెట్టు, ఎవరికైనా సరిపోతుంది" అన్నాడు. 120 లీటర్ల బోర్డు, 6 మీటర్ల రెక్క, 2000 చదరపు సెంటీమీటర్ల ఫాయిల్, 85 సెంటీమీటర్ల మాస్ట్. ఆయనకి అన్నీ సరిపోయాయి, అబద్ధం చెప్పలేదు. అన్నయ్య చెప్పులు నాకిచ్చినట్టయింది, అంతే.

బోర్డుతోనే మొదలైంది. చంకలో పెట్టుకుంటే చెయ్యి అవతలి అంచుకి అందదు. తల మీద పెట్టుకుంటే గాలి తిప్పేస్తుంది. కారు దగ్గర్నుంచి నీళ్ల దాకా వెళ్లేసరికి రెండుసార్లు కింద పెట్టేదాన్ని.

రెక్క ఇంకో కథ. 6 మీటర్లంటే విస్తీర్ణం, చదరపు మీటర్ల లెక్క. కొస నుంచి కొసకి చూస్తే నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని ఎత్తితే, నా చేతుల పొడవుకి దాని కింది కొస నీళ్లలో మునిగేది. మునగగానే నీరు పట్టుకుని లాగుతుంది, రెక్క బోర్లా పడుతుంది, నేను దాని వెనకే. దానికి తోడు గాలి లెక్క ఎంత మోసమో అప్పుడు తెలీదు. గాలి తోపు దాని వేగం వర్గంతో పెరుగుతుంది. 12 నాట్ల నుంచి 18కి పెరిగితే ఒకటిన్నర రెట్లే కదా అనిపిస్తుంది, కానీ చేతుల మీద పడే తోపు రెండుంపావు రెట్లవుతుంది. ఒంటిగంటకి హాయిగా ఉన్న రెక్క మూడింటికి నన్ను ఈడ్చుకుపోయేది.

అన్నిటికంటే నష్టం చేసింది ఫాయిల్. పెద్ద ఫాయిల్ తక్కువ వేగంలోనే లేస్తుంది కాబట్టి కొత్తవాళ్లకి మంచిదంటారు. నిజమే, కానీ ఎవరిని లేపడానికి? 95 కేజీల మనిషిని ఒద్దికగా లేపే 2000, నన్ను దీపావళి చిచ్చుబుడ్డిలా విసిరేది. చిన్న గాలి విసురు రాగానే బోర్డు ముక్కు ఆకాశం వైపు, ఫాయిల్ నీళ్లు చీల్చుకుని బయటికి, నేను వెనక్కి. ముందు కాలి మీద ఎంత బరువేసినా దిగేది కాదు. వెయ్యడానికి నా దగ్గర బరువుంటేగా! ఆరు వారాలు నాకు చేతకాదనే అనుకున్నాను. ఇంట్లో మా ఆయన "వయసొచ్చింది, ఒప్పుకో" అన్నాడు. ఆయన మీద కోపంతో ఇంకో రెండు వారాలు వెళ్లాను.

ఆ రెండో వారంలో రోజూ వచ్చే తెల్లగడ్డం పెద్దాయన ఒకరు కాసేపు నన్ను చూసి, తన భార్య సెట్టు తెచ్చి ఇచ్చాడు. 90 లీటర్ల బోర్డు, 4 మీటర్ల రెక్క, 1300 ఫాయిల్. ఏ సలహా ఇవ్వలేదు. మూడో ప్రయత్నంలో లేచాను. ఏడో ఎనిమిదో సెకన్లు. ఒడ్డుకొచ్చి ఇసుకలో కూర్చుని కాసేపు ఏడ్చాను. ఎనిమిది వారాలు నన్ను నేను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి.

ఇప్పుడు తమ్ముడి లెక్కకొస్తాను. లీటర్ అంటే బోర్డు ఎంత నీటిని పక్కకి నెట్టగలదనే లెక్క. లీటరు నీళ్లు దాదాపు కేజీ. 90 లీటర్ల బోర్డు 90 కేజీల దాకా తేలుస్తుంది, ఆ బరువులో బోర్డూ, ఫాయిలూ, చలికి వేసుకునే రబ్బరు వెట్‌సూటు తడిసిన బరువూ కూడా ఉంటాయి. నా 58కి ఇవన్నీ కలిపితే 70 పైమాటే. మిగిలే ఇరవై లోపు లీటర్లే, తడబడుతూ లేచి నిలబడేటప్పుడు నన్ను కాపాడేవి. అందుకే కొత్తలో మన బరువుకి ఓ 30 కలిపి చూసుకోమంటారు. 84 కేజీల మనిషి 75 లీటర్ల బోర్డెక్కితే నిలబడకముందే బోర్డు మోకాళ్ల లోతుకి దిగుతుంది. ఆట బాగా వచ్చినవాళ్లకి అదీ ఒక పద్ధతే. నీళ్లలో మునిగిన బోర్డు మీద నుంచే రెక్క బలంతో లేస్తారు. మా తమ్ముడు ఇంకా ఒక్కసారీ నిలబడలేదు.

ఫాయిల్‌కి నేను వాడేది మోటు లెక్క. నన్ను చక్కగా లేపిన 1300ని 58తో భాగిస్తే కేజీకి 22 చదరపు సెంటీమీటర్లు. వాడి 84కి అదే లెక్కన 1850 వస్తుంది. వాడు కొనడానికి ఎంచుకున్నది 900. సగం కూడా కాదు. పైగా అది పొడుగ్గా సన్నగా ఉండే హై యాస్పెక్ట్ రకం. ఒకసారి లేచాక ఎంతసేపైనా జారుకుంటూ పోతుంది కానీ, లేవడానికి వేగం కావాలి, ఆ వేగం తెచ్చుకునే ఒడుపు కావాలి. మొదటి ఏడాది కాస్త వెడల్పుగా, పొట్టిగా ఉండేదే మేలు. తర్వాత అమ్ముకోవచ్చు. ఆ తర్వాత నేను కొనుక్కున్న 1300 ఇంకా నా దగ్గరే ఉంది, గాలి తక్కువున్న రోజుల్లో బయటికి తీస్తాను.

అతని సామానులో నేను ఒప్పుకున్నది 5 మీటర్ల రెక్క ఒక్కటే. 84 కేజీలకి 15-18 నాట్లలో అది బాగుంటుంది. ఇక్కడా రంగులూ బ్రాండూ చూడడం కంటే గాలి నింపే ముందంచు గొట్టం ఎంత బిగుతుగా నిలుస్తుందో చూడమన్నాను. మెత్తగా వంగిపోయే రెక్కని ఎంత ఊపినా ఆ ఊపు బోర్డుకి చేరదు. పట్టుకోవడానికి గుడ్డ పిడులుండే రకం, గట్టి కడ్డీ ఉండే రకం అని రెండున్నాయి. నా చిన్న చేతులకి కడ్డీ నచ్చింది, ఎక్కడైనా పట్టుకోవచ్చు. ఇది రుచుల వ్యవహారం, పచ్చడిలో వెల్లుల్లి లాంటిది. పారదర్శకమైన కిటికీ మాత్రం ఉండాల్సిందే. రెక్క మన ముందు తెర కడుతుంది, అవతల ఎవరొస్తున్నారో కనబడాలి.

మాస్ట్ గురించి మా ఒడ్డు నాకు చెప్పిన పాఠం వేరు. క్రౌన్ బీచ్ లోతు లేని తీరం. పోటుకీ పాటుకీ మధ్య ఒక్కోరోజు రెండు మీటర్ల దాకా తేడా ఉంటుంది. పాటు సమయంలో వెళ్తే బురదలో ఎంత దూరం నడిచినా నీళ్లు నడుము దాటవు. 85 సెంటీమీటర్ల మాస్ట్ ఇసుకని తాకితే బోర్డు అక్కడే ఆగుతుంది, మనం ఆగం. ఒకసారి ఆ పాత ఫాయిల్ అంచు మొత్తం గీరుకుపోయింది, నా మోచెయ్యి కూడా. ఇప్పుడు నాది 75. అలలు పెద్దవైన రోజు పొట్టి మాస్ట్‌తో ఫాయిల్ తరచూ నీళ్లపైకి వచ్చేస్తుంది, ఆ నష్టం ఉంది. కానీ మా ఒడ్డున నీళ్లు తగ్గుతున్నా గంటసేపు ఎక్కువ దొరుకుతుంది. తమ్ముణ్ణి మెల్‌బోర్న్‌లోని సెయింట్ కిల్డా బీచ్ నీళ్లలో నడుము లోతు దాకా నడిచి, ఎన్ని అడుగులు పడతాయో లెక్కపెట్టుకురమ్మన్నాను. వెబ్‌సైట్‌లో ఆ అంకె దొరకదు.

పాతవి కొంటే తప్పేం లేదు. ఇప్పుడు నేను వాడే సామానులో బోర్డు, రెక్క పాతవే. పాత రెక్కకి సాయంత్రం గట్టిగా గాలి కొట్టి తెల్లారి చూడాలి. తెల్లారేసరికి ఒరిగిపోతే లోపల గాలి నిలిపే సంచిలో (బ్లాడర్‌లో) చిల్లున్నట్టు. నా రెక్క ఆ రాత్రంతా హాల్లో సోఫా మీద, టీవీ మీద పరుచుకుని పడుకుంది. పొద్దున్నే వీడియో కాల్‌లో అమ్మ చూసి, "ఏంటే అది, పెళ్లిపందిరా?" అంది. ఫాయిల్ కొనేటప్పుడు అమ్మేవాడి ముందే మాస్ట్, ఫాయిల్, రెంటినీ కలిపే ఫ్యూజలాజ్ కడ్డీ మరలన్నీ విప్పించాలి. ఉప్పునీళ్లలో అల్యూమినియానికి స్టీల్ మర పట్టేసుకుంటుంది. నేను విప్పించకుండా కొన్న ఒక ఫ్యూజలాజ్‌లో మర సగానికి విరిగి లోపలే ఉండిపోయింది. దాన్ని డ్రిల్ చేసి తీసినందుకు అయిన ఖర్చు, దాన్ని కొన్న ఖర్చు కంటే ఎక్కువ. ఇప్పుడు ఒడ్డుకి రాగానే అన్నీ విప్పి మంచినీళ్లతో కడిగి, మరలకి గ్రీజు రాస్తాను. ఒక కంపెనీ ఫాయిల్ ఇంకో కంపెనీ మాస్ట్‌కి సాధారణంగా పట్టదు, చౌకగా వచ్చిందని ముక్కలు ముక్కలుగా కొనకండి.

హెల్మెట్ మాత్రం పాతది వద్దు. ఎవరి తల దేనికి కొట్టుకుందో మనకి తెలీదు. ఫాయిల్ అంచు కత్తిపీట లాంటిదని గుర్తుపెట్టుకుని, దెబ్బల నుంచి ఒళ్లు కాపాడే ఇంపాక్ట్ వెస్ట్ కూడా కొనుక్కోవాలి. ఇక్కడి నీళ్లు నడివేసవిలో కూడా 18 డిగ్రీల అటూ ఇటూ ఉంటాయి, అందుకని ఒంటికి 4, చేతులూ కాళ్లకి 3 మిల్లీమీటర్ల మందమున్న వెట్‌సూట్ లేకుండా నేను దిగను. వీటన్నిటికంటే ముందు డబ్బు పెట్టాల్సింది మూడు పాఠాలకి. స్కూలు వాళ్ల సామాను మీద పడిలేస్తుంటే, నీకేం కావాలో నీ ఒళ్లే చెప్తుంది.

ఇదంతా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. మొదట అలిగాడు. "పెద్ద బోర్డు మీద చేస్తే ఫ్రెండ్స్ ముందు బాగోదక్కా" అన్నాడు. "పడవలా ఉన్నా లేస్తే బాగుంటుందిరా" అన్నాను. రెండు రోజులు పలకలేదు.

నిన్న రాత్రి ఫొటో పంపాడు. కాళ్ల కింద బాత్రూమ్ తూకం, మీద 91.2. కింద ఒక ఏడుపు బొమ్మ.

బోర్డు లెక్క 120కి, ఫాయిల్ లెక్క 2000కి మార్చి పంపాను.