ఉడకని రాజ్మా

ఐదు రోజుల నడకలో కొండలు చూశాం, వాగులు దాటాం, ఫొటోలు దిగాం. అవి ఎవరు వెళ్లినా రాసేవే. నాకు రాయాలనిపించింది మాత్రం మూడోరోజు సాయంత్రం పొయ్యి మీదున్న ఒక గిన్నె గురించి. అందులో నాలుగు గుప్పెళ్ల రాజ్మా గంటన్నర మరిగింది. ఉడకలేదు.

తప్పు బావది. సరే, నాది కూడా. సరుకులు కొనే దగ్గరే మాకు గొడవ మొదలైంది. వేడినీళ్లు పోస్తే పది నిమిషాల్లో భోజనం తయారయ్యే ప్యాకెట్లు తీసుకుందామన్నాను నేను. బావ ఒక ప్యాకెట్ తీసి వెనక బరువు చదివాడు, ధర చదివాడు, నమ్మకం కుదరక మళ్లీ బరువు చదివాడు.

"ఒరేయ్, ఇందులో గుప్పెడు కూడా లేదురా. ఈ డబ్బుతో నెలకి సరిపడా గింజలొస్తాయి."

అక్కడితో నా నోరు మూతపడింది. ఎందుకంటే ధర విషయంలో ఆయన అన్నది నిజం. పోనీ డబ్బాలో వచ్చే ఉడికిన రాజ్మా తీసుకుందామంటే, అందులో సగానికి పైగా నీళ్ల బరువేనని, నీళ్లు కొనుక్కుని వీపున మోసుకుంటూ కొండెక్కేవాణ్ణి ఏమనాలని అడిగాడు. అలా అరకిలో ఎండు రాజ్మా మా సంచిలోకి చేరింది. చౌక, తేలిక, ఏడాదైనా నిల్వ ఉంటుంది. ఆ లెక్కలో మేం మర్చిపోయినవి రెండే: గ్యాసు, ఎత్తు.

మొదటి రెండు రోజులు నూడుల్స్‌తోనూ ఓట్స్‌తోనూ గడిచిపోయాయి. మూడోరోజు పొద్దున బావ ఉత్సాహంగా అరకిలో మొత్తం నీళ్ల సీసాలో నానబోసి భుజాన వేసుకున్నాడు. సాయంత్రానికి 3,600 మీటర్ల ఎత్తున టెంట్ వేశాం. అప్పటికే గాలి కోస్తోంది. పొయ్యి వెలిగించి గిన్నె పెట్టాక పది నిమిషాల్లోనే నీళ్లు తెర్లడం మొదలైంది. "చూశావా, ఎంత తొందరగా మరిగాయో!" అని మురిసిపోయాడు బావ.

అసలు ముప్పు ఆ తొందరలోనే ఉంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సుమారుగా 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుందనుకోవచ్చు. అంటే మా గిన్నె 88 డిగ్రీల దగ్గరే కుతకుతలాడుతోంది. మంట ఎంత పెంచినా నీళ్లు ఆవిరైపోతాయి తప్ప వేడి ఒక్క డిగ్రీ కూడా పెరగదు. ఇదంతా మేమిద్దరం బడిలో చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. గిన్నె ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఇంతలో మంట నీలం నుంచి పసుపుకి తిరిగి, కుక్కపిల్ల తోకలా ఊగడం మొదలుపెట్టింది. గ్యాస్ డబ్బాని ముట్టుకుంటే వేలు అంటుకుపోయేంత చల్లగా ఉంది, అడుగున చుట్టూ తెల్లటి మంచుపొర. డబ్బాలో ద్రవంగా ఉన్న గ్యాసు ఆవిరయ్యేటప్పుడు డబ్బాలోని వేడినే లాక్కుంటుంది. మేం కొన్నదాంట్లో ఎక్కువ పాలు బ్యూటేన్. అది సున్నా దగ్గరకొచ్చేసరికి ఆవిరవడం బాగా తగ్గిపోతుంది. ఆ చలిలోనూ ఆవిరయ్యే ప్రొపేన్ కలిసిన రకం మరికొంత ధర పెడితే దొరికేది. ఆ ధర చూసినప్పుడు కూడా బావ మళ్లీ బరువు చదివాడని వేరే చెప్పక్కర్లేదు. డబ్బాని చొక్కా లోపల పెట్టుకుని కాసేపు వెచ్చబరిచాను. టెంట్ లోపల వెలిగిద్దామన్నాడు బావ. అదొక్కటి నేను ఒప్పుకోలేదు. మూసిన టెంట్‌లో పొయ్యి వెలిగిస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే పని కానిచ్చేస్తుంది.

గంటన్నర దాటింది. బావ ఒక గింజ తీసి నోట్లో వేసుకున్నాడు. "పంటికి కాస్త తగులుతుంది, అంతేగా. ఆకలికి రుచేంటి?"

"వద్దు! ఉమ్మేయండి!"

పక్క టెంట్ ముందు కూర్చున్న పెద్దావిడ. అరవై దాటి ఉంటాయి, ఒక్కతే నడుస్తోంది. దారిలో రెండుసార్లు మమ్మల్ని దాటిపోయి, రెండుసార్లూ నవ్వింది. ముగ్గురికీ అంతంతమాత్రంగా వచ్చిన భాషలో ఆవిడ చెప్పింది విని నాకు వెన్ను జలదరించింది. రాజ్మాలో సహజంగానే ఒక విషపదార్థం ఉంటుందట, నీళ్లు 100 డిగ్రీల దగ్గర బాగా మరిగితేనే అది నమ్మకంగా విరిగిపోతుందట. అరకొర వేడిలో ఉడికితే నాలుగైదు గింజలకే కొన్ని గంటల్లో వాంతులు పట్టుకుంటాయట. కిందికి దిగొచ్చాక చదివి చూశాను, ఆవిడ చెప్పినదాంట్లో అక్షరం తప్పు లేదు. దాని పేరు మాత్రం నోరు తిరగనిది, ఫైటోహెమాగ్లుటినిన్. డబ్బాలో వచ్చే రాజ్మాకి ఈ బాధ లేదు. కర్మాగారంలోనే ఆవిరి ఒత్తిడి కింద 121 డిగ్రీల దాకా వేడిచేసి పంపిస్తారు. బావ వద్దన్న నీళ్ల బరువుతో పాటు ఆ వంట కూడా అందులో కలిసే వస్తుంది.

"మరి మీరేం తింటున్నారండీ?" అన్నాను. ఆవిడ దగ్గర పొయ్యి లేదు.

మూత బిగించిన ప్లాస్టిక్ సీసా ఎత్తి చూపించింది. ఇక్కడికి చేరడానికి గంట ముందు దారిలోనే అందులో కుస్‌కుస్ (గోధుమరవ్వ లాంటిది) పోసి, ఎండు టమాటా ముక్కలు వేసి, చన్నీళ్లు పోసి సంచిలో పెట్టుకుందట. కుస్‌కుస్ ముందే ఆవిరి మీద ఉడికించి ఎండబెట్టినదే కాబట్టి దానికి నిప్పు అక్కర్లేదు, నానితే చాలు. నడుస్తుండగా వంట అయిపోయింది. ఆవిడ మూత తీసి, చిన్న ట్యూనా చేప పొట్లాం చింపి నూనెతో సహా ఒంపింది, కాగితంలో మడిచిన ఉప్పూ మిరియాలపొడీ చల్లింది, పిడికెడు వేరుశనగలు వేసింది. కలిపి తింది. చివర్లో రొట్టె ముక్కతో సీసా లోపలంతా తుడిచి నోట్లో వేసుకుని, రెండు గుక్కల నీళ్లు పోసి, గిలకరించి, తాగేసింది. గిన్నె కడిగే పని కూడా అక్కడికి అయిపోయింది. అంతా కలిపి ఐదు నిమిషాలు.

ఆ నూనె దగ్గర ఆవిడ ఒక మాటంది. పిండిపదార్థం గ్రాముకి నాలుగు కేలరీలిస్తే కొవ్వు తొమ్మిదిస్తుంది. వీపున మోసేవాడికి నూనె, గింజలు, వేరుశనగ వెన్న కంటే తేలికైన తిండి లేదని. బావ మొహం చూడాల్సింది. బరువు లెక్కల్లో తనని మించినవాళ్లు ఎదురవడం ఆయనకి అదే మొదటిసారి.

మాకూ ఒక సీసా నానబెట్టి ఇచ్చింది. రుచి అంటారా, నిజం చెప్పాలి కదా, తడి ఇసుకలో ఉప్పు కలిపినట్టుంది. ఆ చలిలో చల్లటి తిండి గొంతు దిగుతుంటే పళ్లు టకటక కొట్టుకున్నాయి. పొయ్యిని పూర్తిగా వదిలేసే మనిషిని కాదు నేను. పొద్దున ఒక గ్లాసు వేడి టీ లేకపోతే కొండ ఎందుకు, ఇంట్లోనే ఉండొచ్చు. కానీ కడుపు నిండింది, అదీ చీకటి పడకముందే.

ఆ రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో గ్యాస్ డబ్బాని పసిపిల్లాడిలా పక్కన పడుకోబెట్టుకుని (పొద్దున్నే వెలగాలంటే అదే ఉపాయం) ఒకసారి వరదొచ్చినప్పటి మూడు రోజులు తలుచుకున్నాను. కరెంటు లేదు, కుళాయి లేదు, రెండో రోజుకి వంటగ్యాసూ అయిపోయింది. ఇంటి నిండా తిండి ఉంది: బియ్యం, పప్పులు, పిండి. ఏదీ తినడానికి లేదు. అన్నిటికీ నిప్పు కావాలి, మంచినీళ్లు కావాలి. మనిషికి రోజుకి నాలుగు లీటర్ల చొప్పున కనీసం మూడు రోజుల నీళ్లు పక్కన పెట్టుకోమంటారు, మా ఇంట్లో ఫ్రిజ్‌లోని నాలుగు సీసాలే ఉన్నాయి. అమ్మ ఓట్స్ నానబెట్టి పాలపొడి కలిపి పెడితే, ఇదేం తిండి అని విసుక్కున్నాను. ఆ ముసురులో అటకమీద ఒక పళ్లముక్కల డబ్బా దొరికింది. మూత తీసే పరికరం మాత్రం దొరకలేదు. స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టి తెరిచాను, బొటనవేలు కోసుకున్నాను. 1810లో ఇంగ్లండులో డబ్బాకి పేటెంటు వచ్చాక చాలాకాలం జనం ఇలాగే ఉలీ సుత్తీ పట్టుకుని తెరిచేవాళ్లట. అమెరికాలో ఎజ్రా వార్నర్ డబ్బా తెరిచే పరికరానికి పేటెంటు తీసుకున్నది 1858లో. అప్పుడు అమ్మ చేసిందీ ఇప్పుడు ఈవిడ చేసిందీ ఒకే వంట. అమ్మకి కొండ లేదు, అంతే.

పొద్దున లేచేసరికి పెద్దావిడ టెంట్ లేదు. గడ్డి నలిగిన చోటు మాత్రం ఉంది.

ఇక మిగిలింది రాజ్మా. అక్కడ పారబోయడానికి వీల్లేదు, తెచ్చిన చెత్తంతా తిరిగి కిందికి తీసుకుపోవాలని రూలు. పైగా ఏ జంతువో తింటే దాని పాపం మనకెందుకు. బావ మౌనంగా రెండు కవర్లలో మూటగట్టాడు. నాని, సగం ఉడికి, ఉబ్బిన గింజలు. అరకిలోగా కొండెక్కినవి కిలో దాటి దిగుతున్నాయి.

"పెరిగిందంతా నీళ్ల బరువే కదా బావా," అన్నాను.

బావ సంచి భుజానికెత్తుకుని ముందు నడిచాడు. మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు.